బండికి చీవాట్లు

మా ఆయన బండ్లను తిడతాడు.

మనుషుల్ని కాదు. మనుషుల్ని తిట్టడం ఆయనకి చేతకాని పని. పక్క షెడ్డువాడు మా జాకీ పట్టుకుపోయి, మేం అడిగితే "మాకే పని ఉందండీ" అని మా మొహం మీదే చెప్పినా "పోనీలే పాపం" అంటాడు. కానీ బండి షెడ్డులోకి వచ్చిందా, అయిపోయిందన్నమాటే దాని పని. నడుం మీద చేతులు పెట్టుకుని, దాని దీపాల్లోకి సూటిగా చూస్తూ, వీధి చివరిదాకా వినపడేలా అందుకుంటాడు.

"ఏమే! సిగ్గులేదూ నీకు?"

నన్ను పెళ్ళయిన నాటి నుంచీ "ఏమోయ్" అనడమే తప్ప ఒక్కనాడు "ఏమే" అన్న పాపాన పోలేదు. "ఏమే" అనే పిలుపంతా బండ్లకే రాసిచ్చేశాడు. అందరూ ఆయన్ని తిట్ల మేస్త్రి అంటారు. మా షెడ్డుకి దారి అడిగిన వాళ్ళకి "తిట్లు వినిపించే వైపు నడవండి" అని చెబుతారు. నిజంగానే దారి తప్పకుండా వచ్చేస్తారు.

షెడ్డులోనే ఒక మూల బల్ల వేసుకుని నేను కూర్చుంటాను. ఫోన్లు ఎత్తడం, సామాను తెప్పించడం, బండి ఇంకా కాలేదని వచ్చినవాళ్ళని బతిమాలుకోవడం నా పని. అంచేత ఇన్నేళ్ళలో ఆయన తిట్టిన తిట్టు ఒక్కటి కూడా నా చెవిన పడకుండా పోలేదు.

ఒకసారి బేకరీ ఆయన వ్యాను క్లచ్చు కాలిపోయి, కంపు కొడుతూ వచ్చింది. అప్పటికి అది మొదటిసారి కూడా కాదు. తనకి నాలుగు చీవాట్లు తప్పవని బేకరీ ఆయన మొహం ముందే వేలాడేసుకుని దిగాడు. మా ఆయన ఆయనకి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, వ్యాను వైపు తిరిగాడు.

"ఏమే లావుదానా! పొద్దస్తమానం క్లచ్చు మీద కాలు పెట్టించుకుని కూర్చుంటావా? పాపం అయ్యగారి కాలు పీకుతుందన్న జ్ఞానం లేదూ? గేరు పడ్డాక కాలు తీసి పక్కన పెట్టుకోండి బాబూ అని ఒక్క మాట చెప్పడానికి నోరు పడిపోయిందా?"

బేకరీ ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇంకోసారి పళ్ళ డాక్టరమ్మ తన బండిని వెనక్కి తీస్తూ తన గేటుకే గుద్దేసింది. మా ఆయన సొట్ట చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"వెనకద్దం ఎందుకిచ్చారే నీకు? మొహం చూసుకుని మురవడానికా? రోజూ ఆ గేటు పక్కనేగా పడుకుంటావు, అదెక్కడుందో తెలీదూ?"

"నేనే చూసుకోలేదండీ," అంది డాక్టరమ్మ.

"మీరూరుకోండమ్మా. మీరిలా వెనకేసుకొచ్చే ఇది ఇలా తయారైంది."

ఇక సంగీతం మాస్టారి సంగతి చెప్పకుండా ఎలా? పెట్రోలు బండికి డీజిలు పోయించుకుని తోయించుకుంటూ వచ్చారు. మా ఆయన ఆ బండిని గోడ వైపు తిప్పి నిలబెట్టాడు, బడిలో పిల్లల్ని నిలబెట్టినట్టు. "ఏది పోస్తే అది తాగేయడమేనా? మూత మీద అంతంత అక్షరాలతో రాసుందే, ముందు అది చదవండి మాస్టారూ అని చెప్పాలా వద్దా? ట్యాంకు కడిగేదాకా అలాగే నిలబడు!" మాస్టారికి జాలేసింది. దగ్గరికెళ్ళి దాని వీపు నిమిరి "పోనీ ఈసారికి వదిలేయండి మేస్త్రిగారూ, కొత్త బండి, చిన్నపిల్ల" అన్నారు.

ఇంట్లో మాత్రం ఊరుకుంటాడా? ఇంట్లో బండ్లు లేవు గనక చేతికందిన వస్తువుని పట్టుకుంటాడు. కుళాయిని తిడతాడు, "ఏమే, పొద్దుటి నుంచీ కారుతున్నావు, గట్టిగా కట్టేయమని అడగలేవూ?" అని. తలుపుని తిడతాడు, "అంత దబాలుమంటే పక్కింటి పసిబిడ్డ లేవదూ?" అని. కుక్కర్ని అయితే రోజూ ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. కొత్తలో మా అమ్మ చూడ్డానికొచ్చి, వంటింట్లోంచి ఇదంతా విని నన్ను పక్కకి పిలిచింది.

"అల్లుడు బంగారమే గానీ, ఏమిటే ఆ గోడలతో మాటలు?"

"గోడలతో కాదమ్మా, కుక్కరుతో."

"ఏమంటాడు దాన్ని?"

"కూర మెత్తగా పేస్టు చేసేసిందట."

"ఎవరు?"

"కుక్కరు."

మా అమ్మ నా వైపు అదోలా చూసి, వెళ్ళి పడుకుంది.

అదొక పిచ్చి, ఎవరికీ హాని లేని పిచ్చి అని నేనూ సరిపెట్టుకున్నాను. గడియారాల తాతగారు మా షెడ్డుకొచ్చేదాకా అలాగే అనుకున్నాను.

ఆయన జీవితమంతా గడియారాలు బాగుచేసిన మనిషి. కొట్టు మూసేసి చాలాకాలమైనా ఆ పేరు పోలేదు. ఆ రోజు తన తెల్లకారులో, నడిచేవాళ్ళు దాటిపోయేంత నెమ్మదిగా వచ్చారు. బండి పాతదే గానీ అద్దంలా మెరిసిపోతోంది. దిగీ దిగగానే రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నారు. పక్క సీట్లోంచి ఆయన కూతురు దిగింది. బడిలో లెక్కల టీచరు. మాట్లాడిందంతా ఆమే.

"బండి అమ్మేస్తున్నామండీ. ఆదివారం కొనేవాళ్ళు వస్తున్నారు. ఒకసారి చూసి, అంతా బాగానే ఉందని చెప్తే చాలు."

"ఇంత శుభ్రంగా చూసుకునే బండిని అమ్మడమెందుకమ్మా?" అన్నాడు మా ఆయన.

ఆమె గొంతు తగ్గించింది. "నాన్న చేతులు వణుకుతున్నాయి. మొన్న కొండమీద అత్తయ్య వాళ్ళింటి నుంచి వస్తుంటే కళ్ళారా చూశాను. స్టీరింగు మీద రెండు చేతులూ గడగడలాడిపోయాయి. వెనక సీట్లో నా కూతురుంది. అప్పటి నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు."

ఆమెని తప్పుపట్టడానికేం లేదు. నేనైనా అంతే భయపడేదాన్ని. తాతగారు మాత్రం ఏమీ వినపడనట్టు గోడకి వేలాడుతున్న బెల్టుల వైపు చూస్తూ నిలబడ్డారు.

మా ఆయన చక్రాలు చూస్తున్నంతసేపూ ఆయన నా బల్ల దగ్గర కూర్చున్నారు. టీ ఇవ్వబోతే "వద్దమ్మా" అన్నారు. కప్పు పట్టుకుంటే ఎక్కడ తొణుకుతుందోనని భయమని నాకు అర్థమైంది. కాసేపటికి ఆయనే చెప్పారు.

"వణికిన మాట నిజమేనమ్మా. నేనూ చూశాను. వెంట్రుకంత స్ప్రింగుని పట్టుకున్న చేతులివి. ఇప్పుడిలా అయ్యాయి."

"బండి లేకపోతే ఏమైందండీ, ఇంటి పట్టున హాయిగా ఉండొచ్చు," అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

"మా అక్క కొండమీద ఉంటుంది. అక్కడికి బస్సు లేదు. వారం వారం వెళ్ళి ఆవిడ గోడ గడియారానికి కీ ఇచ్చి వస్తాను. అది ఆగిపోయిందంటే నేను పోయాననుకుని ఏడుపు మొదలెడుతుంది." నవ్వారు గానీ, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. "కీ ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది? ఆ పేరు చెప్పి పొద్దంతా కబుర్లాడుకుంటాం. ఆవిడకి నేను, నాకు ఆవిడ."

మా ఆయన బండిని వీధుల్లో తిప్పి తెచ్చాడు. ఏ వణుకూ లేదు. టైర్ల బ్యాలెన్సు తప్పిందేమోనని నాలుగూ ఊడదీసి చూపించుకొచ్చాడు. అక్కడా తేడా లేదు. కింద దూరి కీళ్ళూ కడ్డీలూ కదిపి చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి.

"చెప్పానుగా, బండిలో ఏమీ లేదు," అంది కూతురు. ఆ మాట అంటూ ఏడుపు మొహం పెట్టింది.

అప్పటిదాకా మా ఆయన ఆ బండిని పల్లెత్తు మాట అనలేదు. ఆయన తిట్టలేదంటే బండి తప్పేమీ లేదన్నమాట. బండిది కాకపోతే ఇంకెవరిది? తిట్టవయ్యా బాబూ, ఒక్క తిట్టు తిట్టు అని మనసులో మొక్కుకున్నాను. పెళ్ళయ్యాక ఆయన తిట్ల కోసం ఎదురుచూసింది అదే మొదలు.

ఆయన తల గోక్కుని తాతగారి దగ్గరికొచ్చి చతికిలబడ్డాడు.

"మొన్న వణికింది ఎప్పుడండీ? కొండెక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

"దిగాక. కింద తిన్నటి రోడ్డు మీద బాగానే వస్తున్నాను. మలుపు దగ్గర ఆపబోతుంటే వచ్చింది."

"ఆపబోతుంటే అంటే, బ్రేకు నొక్కుతుంటేనా?"

"నొక్కకుండా ఎలా ఆగుతుంది నాయనా?"

మా ఆయన లేచి నిలబడ్డాడు. "పదండి కొండకి. ఏమోయ్, నువ్వూ రా. ఆ రోజులాగే బండి నిండా జనం ఉండాలి."

షెడ్డుకి తాళం వేసి బయల్దేరాం. మా ఆయన నడుపుతున్నాడు, పక్కన తాతగారు, వెనక మేమిద్దరం. ఎక్కేటప్పుడు బండి బుద్ధిగా ఎక్కింది. దిగేటప్పుడు, "మీరెలా దిగుతారో చెప్పండి, అలాగే దిగుతాను" అన్నాడు. తాతగారు చెప్పినట్టే బ్రేకు మీద కాలుంచి, మలుపు మలుపుకీ నొక్కుతూ దించాడు. కిందికొచ్చేసరికి కాలిన ఇనుము వాసన లోపలికి కొట్టింది. తిన్నటి రోడ్డు మీద వేగం అందుకుని, మలుపు వస్తుండగా బ్రేకు నొక్కాడు.

స్టీరింగు గడగడలాడింది. దాన్ని పట్టుకున్న మా ఆయన చేతులు కూడా మోచేతుల దాకా వణికిపోయాయి.

"అయ్యో, మీ చేతులు!" అని అరిచింది కూతురు.

"నా చేతులకేం రోగమమ్మా? చూడండి." బ్రేకు వదిలాడు. స్టీరింగు కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ గడగడ.

తాతగారు జేబుల్లోంచి చేతులు బయటికి తీశారు. అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకున్నారు. తర్వాత వాటిని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నాకైతే ఏడుపొచ్చేసింది, దాచుకోవడమెందుకు!

మా ఆయన బండిని పక్కకి ఆపి, దిగి, దాని ముందుకెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏమే తెల్లదానా! సిగ్గులేదూ నీకు? నీ వణుకు తీసుకెళ్ళి పెద్దాయన చేతుల మీద రుద్దేసి, నువ్వు కడిగిన ముత్యంలా నిలబడతావా?"

ఆ తిట్టు నా చెవులకి ఎంత కమ్మగా ఉందో చెప్పలేను.

షెడ్డుకొచ్చి, వేడి చల్లారాక ముందు చక్రం విప్పాడు. చక్రం వెనక ఇనప పళ్ళెంలాంటి డిస్కు ఉంటుంది. బ్రేకు నొక్కితే రెండు ప్యాడ్లు రెండు వైపుల నుంచీ దాన్ని ఒత్తిపట్టుకుంటాయి. ఆ పళ్ళెం అంతటా ఒకే మందంగా ఉంటే బండి మెత్తగా ఆగుతుంది. ఒకచోట ఎత్తూ ఒకచోట పల్లమూ అయిందా, తిరిగిన ప్రతిసారీ ప్యాడ్లని తంతుంది, ఆ తన్ను స్టీరింగు దాకా వస్తుంది. వీధిలో నెమ్మదిగా పోతుంటే తెలీదు. ఇది మరీ గడుసుది, బాగా వేడెక్కితే తప్ప బయటపడని రకం.

ఎత్తుపల్లాలు కొలిచే డయల్ గేజి తెచ్చి బిగించాడు మా ఆయన. గుండ్రటి మొహం, చుట్టూ గీతలు, మధ్యలో ముల్లు. దాన్ని చూడగానే తాతగారి కళ్ళు మెరిశాయి. చొక్కా జేబులోంచి గడియారాలు చూసే భూతద్దం తీసి కంటికి ఇరికించుకున్నారు.

"నేను తిప్పనా?" అని అడిగారు.

డిస్కుని ఒక చేత్తో నెమ్మదిగా తిప్పారు. చెయ్యి రాయిలా నిలకడగా ఉంది. గేజి మీద ముల్లు మాత్రం ఊగుతూ పోయింది. "ఇక్కడ పైకెళ్ళింది... ఇక్కడ దిగింది... మళ్ళీ ఎక్కింది," అని పాటలా చెబుతుంటే, ఆయన చుట్టూ మేం పిల్లల్లా మూగాం.

"ఇలా ఎందుకైందండీ?" అంది కూతురు. "బండి లోపమైతే సరే, బాగుచేయించుకుంటాం. నాన్న చేసిందేదైనా అయితే మాత్రం ఇక వద్దని చెప్పేస్తాను. వయసు మీద పడ్డాక బండిని చూసుకోవడం కష్టమే కదా."

తాతగారి చెయ్యి డిస్కు మీద ఆగిపోయింది.

మా ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "చక్రాలు ఇంత తళతళలాడ్డం నేనెక్కడా చూడలేదమ్మా," అన్నాడు.

"నాన్నకి దుమ్ము కనపడితే ప్రాణం పోతుంది. కొండ నుంచి రాగానే ఇంట్లో అడుగైనా పెట్టరు. ముందు పైపు తీసుకుని చక్రాలకి నీళ్ళు కొట్టాల్సిందే. బుస్సుమని ఆవిర్లు లేస్తాయి. మా పిల్లకి అది చూడ్డం ఎంత సరదానో!"

నాకు తల్లో దీపం వెలిగింది. కొండంతా బ్రేకు మీద దిగి నిప్పులా కాలిన డిస్కు, దాని మీద చన్నీళ్ళు! వారం వారం! గడియారంలో రవ్వంత దుమ్ముంటే సహించని మనిషి, అదే ప్రేమతో బండిని పాడుచేసుకున్నాడు.

"అయ్యో తాతగారూ, అదే కదా..." అని నేను నోరు తెరిచాను.

"ఏమే తెల్లదానా!"

షెడ్డు రేకులు అదిరాయి. నా మాట గొంతులోనే ఉండిపోయింది.

"ఒళ్ళు కాలిపోతుంటే చన్నీళ్ళ స్నానం కావాలా నీకు? వేడి ఇనుము మీద నీళ్ళు పడితే ఏమవుతుందో తెలీదూ? ఇంటికి రాగానే కాసేపు నీడన పడుండు. ఒళ్ళు పూర్తిగా చల్లారాక పోయించుకో నీళ్ళు. అంత ఆగలేకపోతే ఈలోపు అద్దాలు తుడిపించుకో! ఇంకో సంగతి. కొండ దిగేటప్పుడు గేరు తగ్గించుకుని ఇంజను పట్టు మీద దిగాలి. పైనుంచి కిందిదాకా బ్రేకు పట్టుకుని వేలాడితే కాలదూ మరి? పెద్దదానివయ్యావు, ఇంకా నేను చెప్పాలా?"

తాతగారు చేతులు కట్టుకుని, తలొంచుకుని మొత్తం విన్నారు. అంతా అయ్యాక తెల్లకారు బానెట్టు మీద చెయ్యి వేశారు.

"ఇక అలా చెయ్యదులెండి," అన్నారు మెల్లగా.

"చెయ్యకపోతే దానికే మంచిది."

"తెలీక చేసింది. నేను చెప్తాను దానికి."

కూతురు ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వేసింది. "బాగుంది వరస! దానికి చెవులున్నాయా ఏంటి?"

"బాగానే వినపడిందమ్మా," అన్నాడు మా ఆయన. "మంచి బండి."

నేను తెరిచిన నోరు ఇంకా మూయలేదు. అదృష్టం కొద్దీ నన్నెవరూ చూడలేదు.

మర్నాడు రెండు వైపులా కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేశాడు. డిస్కు కూర్చునే చోట పట్టిన తుప్పుని ఇనప బ్రష్షుతో గీకి, చదునుగా చేసి మరీ బిగించాడు. నట్లు వరసన కాకుండా ఎదురెదురుగా, కొలతకి రాగానే టక్కుమనే స్పానరుతో బిగించాడు. ఒక నట్టు ఎక్కువా ఒకటి తక్కువా బిగిస్తే డిస్కు ఒక పక్కకి ఒరిగిపోతుందట. ఆ విషయం కూడా బండికే చెప్పాడు. తాతగారు బుద్ధిగా విన్నారు.

ప్యాడ్లు సర్దుకునేదాకా మెల్లమెల్లగా బ్రేకు వేస్తూ తిప్పుకొచ్చి, అప్పుడు స్టీరింగు తాతగారికిచ్చాడు. కూతురు పక్కన కూర్చుంది. మేం వెనక. కొండెక్కి దిగాం. ఆయన గేరు తగ్గించుకుని, ఇంజను గుర్రుమంటుంటే నింపాదిగా దించారు. కింద తిన్నటి రోడ్డు రాగానే కూతురు రోడ్డు వైపు చూడ్డం మానేసి తండ్రి చేతుల వైపే చూస్తోంది. ఆయన బ్రేకు నొక్కారు. స్టీరింగు పిల్లిపిల్లలా ఆయన చేతుల్లో ఒదిగి కూర్చుంది. బండి ఆగింది. చేతులు కూడా నిశ్చలంగా ఉన్నాయి.

ఆమె అక్కడికక్కడే ఫోన్ తీసి, ఆదివారం రావాల్సిన వాళ్ళకి చేసింది.

"అమ్మడం లేదండీ... లేదు, వేరే వాళ్ళకి కూడా కాదు... ఏం లేదండీ, దానికి బుద్ధొచ్చింది."

తాతగారు అద్దంలోంచి మా ఆయన వైపు చూశారు. మా ఆయన కిటికీలోంచి చెట్లు లెక్కపెడుతున్నట్టు నటించాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, కూర కుక్కర్లో వేసి పొయ్యి మీద పడేసి, ఈ సంగతంతా చెల్లెలికి చెబుదామని ఫోన్ పట్టుకున్నాను. చెబుతూ చెబుతూ ఉంటే ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. ఆ రోజు తర్వాత బేకరీ ఆయన క్లచ్చు మళ్ళీ కాల్లేదు. డాక్టరమ్మ వెనక్కి తీసే ముందు అద్దాన్ని గుడ్డతో తుడిచి మరీ చూస్తుంది. మాస్టారు మూత మీద అక్షరాలు పైకి చదివి వినిపించాకే పెట్రోలు పోయించుకుంటారట, బంకు వాళ్ళంతా నవ్వుతారు. అందరికీ చేరాల్సింది చేరింది, ఒక్కరి మొహమూ చిన్నబోలేదు. ఇంత పెద్ద మనసుని పట్టుకుని నేను పిచ్చి అనుకున్నాను! మా ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చేసింది.

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి గొంతు వినిపించింది.

"ఏమే కుక్కరూ! అంతలా అరిచి చస్తున్నావు, అడుగంటుతోంది కాస్త ఫోన్ పక్కన పెట్టవమ్మా అని చెప్పడానికేం?"

నా చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది.

ఆగండాగండి. కుక్కరు ఫోన్‌లో మాట్లాడదు. కుళాయిని గట్టిగా కట్టకుండా వదిలేసేది నేను. తలుపు దబాలుమని వేసేది నేను. కూర పేస్టు చేసింది కూడా... మా అమ్మ ఆ రోజు నా వైపు అదోలా ఎందుకు చూసిందో ఇన్నేళ్ళకి అర్థమైంది. ఆవిడకి ఒక్క పూటలో తెలిసిపోయింది!

ఇంత సంసారంలో నన్నొక్క మాట అనలేదని వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయానే! నాకు ఎంత ఒళ్ళు మండిందంటే, నాలుగు దులిపేద్దామని పడగ్గదిలోకి విసురుగా వెళ్ళాను. మంచం మీద, ఉతికిన దుప్పటి మీద, ఆయన తడి తువ్వాలు పడి ఉంది. రోజూ అక్కడే పడి ఉంటుంది. నేను ఆగిపోయాను. నడుం మీద చేతులు పెట్టుకున్నాను. ఎంతైనా ఆయనది కదా, "ఏమే" అనడానికి నోరు రాలేదు.

"ఏమండీ తువ్వాలుగారూ!" అని కేకేశాను, వంటింటికి వినపడేలా. "తడి ఒంటితో దుప్పటి మీద పడుకోవడానికి సిగ్గులేదూ మీకు? కాస్త దండెం మీద ఆరేయండి బాబూ అని ఒక్క మాట అడగడానికి నోరు పడిపోయిందా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఇక అలా చెయ్యదులేవోయ్," అన్నాడు మా ఆయన.